విడుదల ఖర్చు ఎవరి లెక్కలో రాయాలి?

నిర్గమకాండము చదివేటప్పుడు మనం ఎప్పుడూ ఇశ్రాయేలీయుల పక్షాన నిలబడి చదువుతాం. అది సరైనదే. కాని ఈ వారం ఒక్కసారి ఫరో పక్కకు వెళ్ళి, అతని లెక్కల పుస్తకంలోకి తొంగి చూద్దామని పాఠకులను కోరుతున్నాం. మోషే అహరోనులు వచ్చి ప్రజలను పంపమని అడిగినప్పుడు ఫరో ముందు ఆ యెహోవా ఎవరో తనకు తెలియదన్నాడు. ఆ వెంటనే పని గురించి మాట్లాడాడు. వీళ్ళను పనిలోనుంచి ఎందుకు లేపుతున్నారన్నాడు. ఆ రోజే గడ్డి ఇవ్వడం ఆపేసి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదని ఆజ్ఞ ఇచ్చాడు.

ఫరో క్రూరుడని మన సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయితే అతని క్రూరత్వంలో ఒక లెక్క ఉంది. పీతోము, రామెసేసు పట్టణాలు కట్టాలి, ధాన్యపు కొట్లు నిండాలి. ఆ పని అంతా దాసుల చేతుల మీద నడుస్తోంది. దాసులు వెళ్ళిపోతే కట్టడం ఆగుతుంది, కొట్లు ఆగుతాయి, కొట్ల మీద బతికే అధికారులు ఆగుతారు. దాస్యం మీద నిలిచిన దేశాన్ని ఏలేవాడికి విడుదల అనేది హృదయ సమస్య మాత్రమే కాదు, ఖజానా సమస్య కూడా. అసలు ఆ దేశంలో దాస్యం మొదలైంది కూడా కొట్ల దగ్గరే. ఆదికాండము 47వ అధ్యాయం మళ్ళీ తీసి చూడండి. కరవులో జనం ముందు డబ్బు ఇచ్చారు, తర్వాత పశువులను ఇచ్చారు, చివరికి పొలాలతో పాటు తమను తామే ఫరోకు అమ్ముకున్నారు. ఆ ఏర్పాటు చేసినవాడు మన యోసేపే. ప్రాణాలు నిలిచాయి, అందుకు జనం అతనికి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నారు. కాని తిండి కోసం మనిషి తనను తాను తాకట్టు పెట్టుకోవడం ఆ నేలకు అలవాటైంది. యోసేపును ఎరుగని రాజు వచ్చేనాటికి ఆ పద్ధతి అక్కడ ఉండనే ఉంది.

ఇదంతా పాతకాలపు ఐగుప్తు సంగతి అనుకోకుండా, మనకు దగ్గరి చరిత్రలో ఇలాంటి పాలకులే విడుదల రోజున ఏమి చేశారో చూద్దాం. అనకాపల్లిలో ఉండే మనకు చెరకు తెలియని పంట కాదు. బెల్లం దిమ్మలు లేకుండా ఈ ఊరిని ఊహించలేం. ఆ చెరకు దారినే వెళదాం.

బ్రిటిష్ పార్లమెంటు 1833లో బానిసత్వ రద్దు చట్టం చేసింది. విల్బర్‌ఫోర్స్ పేరు మన ప్రసంగాల్లో తరచుగా వినబడుతుంది. ఆ బిల్లు గట్టెక్కుతుందని తెలిసిన మూడు రోజులకే ఆయన కన్నుమూశారు. ఆ చట్టంలోని డబ్బు లెక్క మాత్రం ప్రసంగాల్లో వినబడదు. సుమారు 8 లక్షల మంది బానిసల విడుదలకు ప్రభుత్వం 2 కోట్ల పౌండ్లు కేటాయించింది. అది ఆనాటి ప్రభుత్వపు ఏడాది ఖర్చులో దాదాపు 40 శాతం. అందులో ఒక్క పౌను కూడా బానిసలకు చేరలేదు. మొత్తం యజమానులకే వెళ్ళింది, వారి 'ఆస్తి' పోయినందుకు నష్టపరిహారంగా. ఆ సొమ్ములో ఎక్కువ భాగాన్ని ప్రభుత్వం అప్పుగా తెచ్చింది. ఆ అప్పు తాలూకు చివరి బాండ్లు తీరింది 2015లో! అంటే విడుదలైన బానిసల మునిమనవలు కూడా, తమ ముత్తాతల యజమానులకు ఇచ్చిన సొమ్ముకు పన్ను కట్టారన్నమాట.

బానిసలకు దక్కింది ఏమిటంటే 'అప్రెంటిస్' అనే కొత్త పేరు. మరికొన్ని సంవత్సరాలు అదే యజమాని దగ్గర కూలి లేకుండా పనిచేయాలి. ఇక హైతీ మాట చూస్తే ఇంకా విచిత్రం. అక్కడ బానిసలు పోరాడి తమను తామే విడిపించుకున్నారు. 1825లో ఫ్రాన్సు యుద్ధ నౌకలను పంపి, పాత యజమానుల నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమని అదే జనాన్ని నిర్బంధించింది. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించారు. దానికోసం చేసిన అప్పులు తీరడానికి నూరేళ్ళకు పైగా పట్టింది.

క్రైస్తవులమైన మనం ఇక్కడ ఇంకొక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఎస్.పి.జి. అని మన పెద్దలు పిలిచే సువార్త వ్యాప్తి సంఘం తర్వాతి కాలంలో నంద్యాల ప్రాంతంలో తెలుగువారి మధ్య సేవ చేసింది. బడులు పెట్టింది, మందిరాలు కట్టింది. ఆ మేలు మనం మరువలేదు. కాని అదే సంఘానికి బార్బడోస్ దీవిలో కోడ్రింగ్టన్ అనే చెరకు తోట ఉండేది, ఆ తోటలో బానిసలు ఉండేవారు. విడుదల వచ్చినప్పుడు ఆ బానిసలకు గాను 8,823 పౌండ్ల పరిహారం వచ్చింది. 2006లో ఇంగ్లండు సంఘపు జనరల్ సినడ్ ఆ పాపం విషయమై క్షమాపణ కోరుతూ తీర్మానించింది. సువార్త పంపే చేతులే చెరకు లాభం కూడా లెక్కపెట్టుకున్నాయి. ఆ కాలంలో ఆ సంఘంలోని భక్తులందరూ చెడ్డవారని మేము అనడం లేదు. తమ రాబడి ఎక్కడినుంచి వస్తోందో అడగకుండా ప్రార్థన చేయడం వారికి సాధ్యపడింది, అంతే.

సరే, యజమానులకు సొమ్ము వచ్చింది. చెరకు నరికేదెవరు? మారిషస్‌లో 60 వేలకు పైగా బానిసలు ఉండేవారు. అక్కడి యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా ముట్టింది. విడుదలైనవారిలో చాలామంది అదే తోటలో, అదే మనిషి కింద, వాళ్ళిచ్చే కూలికి మళ్ళీ పనిచేయడానికి ఇష్టపడలేదు. ఎవరు మాత్రం ఇష్టపడతారు? కూలి పెంచితే వచ్చేవారేమో. యజమానులు కూలి పెంచే బదులు మనుషులను మార్చారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలను పోర్ట్ లూయిస్‌లో దించింది. ఆ తర్వాత సుమారు ఎనభై ఏళ్ళలో నాలుగున్నర లక్షల మంది భారతీయులు ఆ రేవులో దిగారు. మన కోస్తా నుంచి వెళ్ళిన తెలుగువారిని కోరంగి రేవు పేరు మీద అక్కడ 'కోరంగులు' అని పిలిచేవారు.

వీరు బానిసలు కారు. ఒప్పందం మీద వేలిముద్ర వేసినవారు, కూలి వచ్చేవారు. అయినా ఆ ఒప్పందం పనిచేసిన తీరు గమనించండి. మారిషస్‌లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జబ్బుపడినా అంతే. అంటే నెలలో పది రోజులు జ్వరంతో పడుకున్నవాడు ఇరవై రోజుల కూలి పోగొట్టుకుంటాడు, మిగిలిన పది రోజుల కూలితో నెలంతా బతకాలి. దుకాణంలో అప్పు చేస్తాడు. అప్పు తీరాలంటే మళ్ళీ ఒప్పందం రాయాలి. సంకెళ్ళు లేవు, లెక్కల పుస్తకం ఉంది.

ఆఫ్రికా ఖండంలోని నేటాల్‌లో ఇదే పనిని ప్రభుత్వమే స్వయంగా చేసింది. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను డర్బన్‌కు తీసుకువెళ్ళింది. తర్వాతి యాభై ఏళ్ళలో లక్షన్నర మంది వెళ్ళారు. వారిలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువారు చాలామంది. అప్పట్లో మన అనకాపల్లి కూడా విశాఖపట్నం జిల్లాలోదే. ఒప్పందం ఐదేళ్ళు, మొదటి సంవత్సరం కూలి నెలకు పది షిల్లింగులు. ఐదేళ్ళు పూర్తయినవారు స్వేచ్ఛగా ఉండిపోయి, కూరగాయలు పండించుకుంటూ, చిన్న దుకాణాలు పెట్టుకుంటూ బాగుపడసాగారు. అక్కడి తెల్ల యజమానులకు ఇది రెండు విధాలా నష్టం. తోటలో చేతులు తగ్గాయి, సంతలో పోటీ పెరిగింది. అందుకని 1895లో ఒక చట్టం చేశారు. ఒప్పందం ముగిశాక మళ్ళీ ఒప్పందం రాయకుండా, ఇండియాకు తిరిగి వెళ్ళకుండా అక్కడే ఉండాలనుకునేవారు ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. మొదట 25 పౌండ్లు వేయాలనుకున్నారు, ఇక్కడి వైస్రాయి ఒప్పుకోకపోవడంతో 3 పౌండ్లకు దిగారు. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు. నెలకు పది షిల్లింగుల కూలి మనిషికి అది ఆరు నెలల సంపాదన. తర్వాత ఆ పన్నును పెరిగిన పిల్లల మీద కూడా వేశారు. పన్ను కట్టలేనివాడికి మిగిలే దారి మళ్ళీ తోటలోకే. 1913లో గాంధీ నడిపిన సమ్మెలో వేలాది మంది కూలీలు పని మానేశారు. 1914లో ఆ పన్ను పోయింది.

ఆ తోటల మధ్యకే 1903లో మన తెలుగు బాప్టిస్టు సంఘాలు తమ సొంత మిషనరీని పంపాయి. నెల్లూరు నుంచి వెళ్ళిన రెవ. జాన్ రంగయ్య నేటాల్‌లోని కియర్స్నీ తేయాకు తోటలో పనిచేసే తెలుగు కూలీల మధ్య సంఘం స్థాపించారు. విదేశీ మిషనరీలు మన దగ్గరికి రావడమే తెలిసిన రోజుల్లో, మనవారు కానుకలు పోగుచేసి ఒక తెలుగువాడిని సముద్రం దాటించారు. ఈ సంగతి మన సంఘాల్లో ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలని మా కోరిక. ఆయన కాపరిగా ఉన్న సంవత్సరాలు ఆ 3 పౌండ్ల పన్ను సంవత్సరాలే.

బయటి దేశాల మాట ఇంత చెప్పాం కనుక ఇంటి మాట చెప్పకపోతే న్యాయం కాదు. 1833 నాటి చట్టం ఈస్టిండియా కంపెనీ ఏలే ప్రాంతాలకు వర్తించలేదు. మన దేశానికి 1843లో వేరే చట్టం వచ్చింది. అది బానిసను విడిపిస్తున్నానని అనలేదు. బానిస మీద యజమానికి హక్కు ఉందని ఏ కోర్టూ ఒప్పుకోదని మాత్రం అంది. కంపెనీకి భూమి శిస్తే జీవనాధారం. పొలం దున్నేవాడిని కదిలిస్తే శిస్తు కదులుతుంది. అందుకే అంత మెల్లగా అడుగు వేశారని మా అభిప్రాయం. పరిహారం ఖర్చూ లేదు, విడుదలైనవాడికి గింజ ధాన్యమూ లేదు. కొన్న బానిస పేరు పోయింది, అప్పుపడ్డ పాలేరు పేరు మిగిలింది.

మన్యంలో ఆ పేరు గోతి. పెళ్ళికో, కరవుకో, శిస్తుకో కొద్ది సొమ్ము అప్పు తీసుకున్న గిరిజనుడు, అది తీరేదాకా సాహుకారు ఇంట్లో, పొలంలో పనిచేయాలి. పని అంతా వడ్డీ కిందికే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. తండ్రి పోతే కొడుకు వస్తాడు. దీన్ని మాన్పడానికి 1940లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాలకు రుణ దాస్య నిర్మూలన రెగ్యులేషన్ తెచ్చింది. అయితే అంతకు ముందు ఆ ప్రభుత్వమే మన్యంలో ఏమి చేసిందో నర్సీపట్నం వైపు వారికి చెప్పనక్కర్లేదు. లంబసింగి దారి వేయడానికి గిరిజనులను సరైన కూలి లేకుండా పనికి పట్టారు. ఆ కడుపుమంట 1922లో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవారిలో ఉంది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. ఈ రోజుల్లో చలికాలం రాగానే మన సంఘాల యౌవనస్థులు వ్యాన్లు కట్టుకుని మంచు చూడటానికి లంబసింగి వెళ్తున్నారు. వెళ్ళండి, సంతోషం. దారిలో ఒకచోట ఆగి ఈ కథ పిల్లలకు చెప్పండి. రాజుగారి సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది, అది మన జిల్లాయే.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. పాత చట్టాలతో పోలిస్తే ఇది తేడాగా ఉన్న చట్టం. యజమానికి పరిహారం లేదు, పైగా అప్పే రద్దు. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవలసిన భారం అప్పిచ్చినవాడిదే. శిక్ష మూడేళ్ళ వరకు జైలు, 2 వేల రూపాయల వరకు జరిమానా. ఆ 2 వేలు మాత్రం 1976లో రాసిన అంకె! విడుదలైనవారికి కేంద్ర పథకం కింద సాయం కూడా ఉంది. వెంటనే 30 వేల రూపాయల వరకు, ఆపైన పురుషులకు లక్ష, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ ఘోరమైన బాధలు పడినవారికి 3 లక్షలు. కాగితం మీద ఇది ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయానికి దగ్గరగా ఉంది. దాసుని విడిపించేటప్పుడు వట్టి చేతులతో పంపవద్దని, మందలోనుంచి, కళ్ళములోనుంచి, ద్రాక్షగానుగలోనుంచి ధారాళంగా ఇచ్చి పంపమని అక్కడ ఆజ్ఞ. కాని ఆ పెద్ద మొత్తాన్ని యజమాని మీద కేసు తేలడంతో ముడిపెట్టడం వల్ల చాలామంది ఏళ్ళ తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. 1833లో యజమానులను అలా నిలబెట్టలేదు.

పాలకుడే ఈ ఖర్చును తన మీద వేసుకున్న సందర్భం ఒకటి వాక్యంలో ఉంది. నెహెమ్యా 5వ అధ్యాయం. యెరూషలేము గోడ కడుతున్న రోజులు. జనం వచ్చి మొరపెట్టారు. కరవుకు పొలాలు కుదువ పెట్టాం, రాజు పన్ను కోసం అప్పు చేశాం, పిల్లలను దాస్యానికి అప్పగించాం అన్నారు. గోడ ఆగకూడదు, పారసీక రాజు అర్తహషస్తకు పన్ను ఆగకూడదు, అప్పులిచ్చిన ప్రధానులేమో గోడకు కావలసిన పెద్దలు. నెహెమ్యా పరిస్థితి ఊహించండి. ఆ ప్రధానులను సభలో నిలబెట్టి, పొలాలు, ద్రాక్షతోటలు, నూరవ వంతు వడ్డీ తిరిగి ఇచ్చేయమన్నాడు. ఆ నూరవ వంతు నెలకు అని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే మన ఊళ్ళ భాషలో రూపాయి వడ్డీ. మనవాళ్ళు మూడు రూపాయలకూ ఐదు రూపాయలకూ ఇస్తున్నారు, అది వేరే సంపాదకీయానికి సరిపడే సంగతి. తానూ, తన సహోదరులూ, తన పనివారూ కూడా అప్పులు ఇచ్చామని నెహెమ్యా అందరి ముందు ఒప్పుకున్నాడు. తర్వాత ఇంకొక పని చేశాడు. పన్నెండేళ్ళ పాటు అధికారిగా తనకు రావలసిన భత్యం తీసుకోలేదు. అంతకుముందు అధికారులు జనం దగ్గర ఆహారం, ద్రాక్షారసం, 40 తులముల వెండి వసూలు చేసేవారు. ఇతని బల్ల దగ్గర రోజూ 150 మంది భోజనం చేసేవారు, రోజుకు ఒక ఎద్దు, ఆరు గొఱ్ఱెలు, కోళ్ళు. ఆ ఖర్చు జనం మీద వేస్తే వాళ్ళు మళ్ళీ అప్పు దగ్గరికే వెళ్తారని అతనికి తెలుసు. అపొస్తలుడైన పౌలు కూడా ఒనేసిమును వెనక్కి పంపుతూ ఫిలేమోనుకు ఉత్త సలహా రాసి ఊరుకోలేదు. బాకీ ఏమైనా ఉంటే తన లెక్కలో వేయమని స్వహస్తంతో రాశాడు.

మన దగ్గర ఇప్పుడు ఈ లెక్క ఎక్కువగా ఇటుక బట్టీలో కనబడుతుంది. దసరా దాటాక మేస్త్రి ఊళ్ళోకి వస్తాడు, కుటుంబానికి ఇంత అని అడ్వాన్సు ఇస్తాడు. ఒడిశాలోని బలంగీర్ వైపు నుంచి వచ్చేవారు, మన ఉత్తరాంధ్ర నుంచి బయటికి వెళ్ళేవారు, అందరిదీ ఒకే తీరు. వెయ్యి ఇటుకలకు ఇంత కూలి, అందులోనుంచి అడ్వాన్సు కోత, వారం ఖర్చులు, వాన పడి పాడైన ఇటుకలు లెక్కలో లేవు. అడ్వాన్సు తీసుకున్నంత మాత్రాన అది వెట్టి కాదు. దాని పేరు చెప్పి బయటికి వెళ్ళనివ్వకపోయినా, వేరే పని చేసుకోనివ్వకపోయినా, ప్రభుత్వం నిర్ణయించిన కనీస కూలి ఇవ్వకపోయినా చట్టం దృష్టిలో అది వెట్టే. బట్టీ యజమానులందరూ అలాంటివారు కారు. చాలామంది తామే వడ్డీకి తెచ్చి అడ్వాన్సులు ఇస్తారు, ఇటుక రేటు పడిపోతే మునిగిపోతారు. అందుకే ఈ నష్టం మెట్టు మెట్టుగా దిగి, చివరి మెట్టు మీద ఉన్న కుటుంబం దగ్గర ఆగుతుంది.

ఇటుకలు కొనేవారిలో మన సంఘాలు కూడా ఉన్నాయి. మందిర నిర్మాణ కమిటీలు రేటు మాట్లాడేటప్పుడు లోడుకు ఐదు వందలు తగ్గించామని ఆదివారం ప్రకటనల్లో సంతోషంగా చెప్పడం మేమూ విన్నాం, మేమూ చప్పట్లు కొట్టాం. బట్టీకి వెళ్ళి చూసి కొనడం కష్టమైన పని కాదు. అక్కడ పనిచేసేవారు పండుగకు ఇంటికి వెళ్ళగలరా, పిల్లలు బడికి వెళ్తున్నారా, లెక్క చీటీ వారి చేతిలో ఉందా అని అడగవచ్చు. యజమానికి కోపం రావచ్చు. మంచి యజమాని అయితే టీ ఇచ్చి చూపిస్తాడు.

అనుమానం నిజమైతే కలెక్టరుకు గాని, అనకాపల్లి, నర్సీపట్నం ఆర్డీవో కార్యాలయాల్లో గాని ఫిర్యాదు ఇవ్వవచ్చు. జిల్లా, డివిజన్ స్థాయిల్లో విజిలెన్స్ కమిటీలు ఉండాలని ఆ చట్టమే చెబుతోంది. పిల్లలు ఉంటే 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100. ఫిర్యాదు ఇచ్చేవారు ఒక్కటి ముందే ఆలోచించుకోవాలి. అధికారులు విడుదల పత్రం ఇచ్చిన సాయంత్రం ఆ కుటుంబం చేతిలో ఏమీ ఉండదు. 30 వేలు రావడానికి కూడా బ్యాంకు ఖాతా కావాలి, ఆధార్ కావాలి. ఊరికి రైలు టికెట్ కావాలి, అక్కడికి చేరాక నెల రోజులకు బియ్యం కావాలి, పిల్లలను మళ్ళీ బడిలో చేర్చే మనిషి కావాలి. ఇవి దొరకక మరుసటి దసరాకు అదే మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకునే కుటుంబాలు ఉన్నాయి. ఒక కుటుంబానికి ఆ మొదటి మూడు నెలల ఖర్చు ఎంతవుతుందో మీ సంఘ కోశాధికారితో కూర్చుని ఒకసారి లెక్క వేసి చూడండి. చాలా సంఘాల్లో అది క్రిస్మస్ లైట్ల ఖర్చు కంటే ఎక్కువ కాదు.